ఉమ్మడి లోకాల కథలు – బైబిలు సూచికలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఇబ్రహీంపట్నంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. అందుకని ఈ రోజున ఈ వేదిక మీద కరువు భత్యం బకాయిలు, ఆరోగ్య కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు – వీటి గురించే మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు "సార్, మీరు తెలుగు చెప్పినోళ్లు, సాహిత్యం మీద ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. నేను ఎంచుకున్న విషయం చెప్పగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నా మొహం చూశారు. "సైన్స్ ఫిక్షనా? అందులో బైబిలా? మన సంఘంలోనా?" అన్నారు. మరొక మిత్రులు "ఇది మత ప్రచారం కిందికి రాదు గదా!" అని సందేహం వెలిబుచ్చారు. రాదని ముందే మనవి చేస్తున్నాను. ఎవరినీ ఏ గుడికీ రమ్మని పిలవడం లేదు. నేను ముప్పయ్యేళ్లు ఉద్యోగం చేసి కూడా నేర్చుకోని ఒక పాఠం గురించి చెప్పబోతున్నాను.

విషయం ఎలా మొదలైందో చెబుతాను. 2024 జూన్ నెలాఖరులో 'కల్కి 2898 ఏడీ' సినిమా విడుదలైంది. మన ఊరి చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదానిలో చదువుతున్న నా మనవడు నన్ను బలవంతంగా తీసుకుపోయాడు. "తాతా, మొత్తం మహాభారతమే, నువ్వుంటే నాకు అర్థమైతది" అన్నాడు. నాకూ ఉబ్బుగానే అనిపించింది. కురుక్షేత్రం, ఉత్తర గర్భం మీద అశ్వత్థామ అస్త్రం వేయడం, శ్రీకృష్ణుడి శాపం వస్తుంటే, వాడి చెవిలో గుసగుసగా వివరిస్తూ కూర్చున్నాను. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు కూడా. తరువాత కథ శంబల నగరానికి చేరింది. అక్కడ శరణార్థులకు పెద్దదిక్కుగా శోభన నటించిన ఒక పాత్ర ఉంది. పేరు మరియం. అప్పుడు మనవడు అడిగాడు: "తాతా, అన్నీ మన పేర్లే గదా, ఈమె పేరు మరియం ఏంది? ఎవరామె?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పలేక కాదు. మరియ అంటే యేసు తల్లి అని పసిపిల్లవాడికైనా తెలుసు. కానీ ఆ పేరు అక్కడ ఏం పని చేస్తున్నదో నాకు తెలియదు. సినిమా అయ్యేదాకా నా మనసు దాని మీదనే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే ఈ ప్రసంగం తయారైంది.

మొదట 'ఉమ్మడి లోకం' అంటే ఏమిటో చెప్పాలి. ఒక రచయిత ఒక లోకాన్ని కల్పిస్తాడు. దానికి కొన్ని ఊళ్లు, కొందరు మనుషులు, కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. తరువాత వేరే రచయితలు వచ్చి అదే లోకంలో తమ కథలు రాస్తారు. ఒకరు చంపిన వాణ్ణి ఇంకొకరు ఊరికే బతికించకూడదు. ఒకరు కట్టిన ఊరిని ఇంకొకరు కారణం లేకుండా మాయం చేయకూడదు. ఉమ్మడి కుటుంబం లాంటిదే ఇది. సొత్తు అందరిదీ, పెత్తనం ఎవరి వాటా మేరకు వారిది. అమెరికాలో, ఇంగ్లండులో సైన్స్ ఫిక్షన్ ఈ పద్ధతిలో బాగా పెరిగింది. 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్ చుట్టూ అల్లుకున్న లోకం, 1963లో బ్రిటిష్ టెలివిజన్‌లో మొదలైన 'డాక్టర్ హూ', 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' – ఇవన్నీ పదుల కొద్దీ రచయితల చేతుల మీదుగా నడిచినవే. మా మనవడు ఇవన్నీ నాకు ఫోనులో చూపించాడు. కొన్ని కథలు తెలుగులో చెప్పి వినిపించాడు. వాడు ఇదంతా కొత్త సంగతి లాగా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది.

ఎందుకంటే మనకు ఇది కొత్త కాదు. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో వదిలిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుండి చివరిదాకా రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన మధ్యలో మిగిలిన ముక్క పూరించాడు. పూరించి, ఆ భాగాన్ని నన్నయ పేరు మీదనే రాజరాజ నరేంద్రుడికి అంకితం చేశాడు. ఉమ్మడి లోకంలో మసలుకునే మర్యాద అంటే అది! పోతన భాగవతం కూడా ఒక్క చేతి పని కాదు. అందులో గంగన, సింగన, నారయ రాసిన స్కంధాలున్నాయి. ఇక 1957 నాటి 'మాయాబజార్' సంగతి చూడండి. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదు. అయినా మన వాళ్లు ఆ లోకంలో ఒక గది అదనంగా కట్టుకున్నారు. దూరాన ఉన్న ప్రియమైన వాళ్లను పెట్టెలో చూపించే 'ప్రియదర్శిని' అనే యంత్రాన్ని కూడా పెట్టుకున్నారు. కాబట్టి ఉమ్మడి లోకమూ, అందులో యంత్రాలూ రెండూ మనకు అలవాటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ పాశ్చాత్య ఉమ్మడి లోకాల్లో బైబిలు అడుగడుగునా కనిపిస్తుంది. ఎందుకు? దీన్ని మన ఆఫీసు భాషలో చెబితే త్వరగా అర్థమవుతుంది. మనం ప్రభుత్వ ఉత్తరం రాసేటప్పుడు విషయం తరువాత 'సూచిక' అని ఒక వరుస ఉండేది. ఫలానా నంబరు, ఫలానా తేదీ ఉత్తరం చూడుడు అని రాసేవాళ్లం. పాత ఫైలులో ఉన్న పది పేజీల సంగతిని మళ్లీ రాయనక్కర లేదు. ఒక్క వరుసతో పని జరిగిపోతుంది. ఒకరి తరువాత ఒకరు రాసే ఉమ్మడి లోకంలో ప్రతి రచయితకూ చోటు తక్కువ. అందుకని పాఠకుల ఇళ్లలో అప్పటికే ఉన్న పాత ఫైలును సూచికలో చూపిస్తాడు. వాళ్లకు ఆ పాత ఫైలు బైబిలు.

ఉదాహరణలు కొన్ని మనవి చేస్తాను. 1982లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమాలో ఒక యంత్రం ఉంది. దాన్ని చచ్చిన గ్రహం మీద ప్రయోగిస్తే కొద్ది సమయంలో చెట్లు, నీళ్లు, ప్రాణం పుడతాయి. దానికి పెట్టిన పేరు 'జెనిసిస్'. తెలుగు బైబిలులో మొదటి పుస్తకమైన 'ఆదికాండము'నకు ఇంగ్లీషు పేరు అదే. ఆరు రోజుల సృష్టిని మనిషి నిమిషాల్లో చేస్తానంటున్నాడని ఆ ఒక్క పేరు చెప్పేస్తుంది. అయితే అదే యంత్రాన్ని ప్రాణం ఉన్న గ్రహం మీద వేస్తే ఉన్నదంతా నాశనమై కొత్తది పుడుతుంది. కాబట్టి ఆ పేరు ముచ్చటకు పెట్టింది కాదు. సృష్టికర్త పని చేయి సాచి అందుకున్నవాడికి సృష్టికర్త వివేకం కూడా ఉందా అన్నదే ప్రశ్న. అదే స్టార్ ట్రెక్‌లో 1967 నాటి 'ది యాపిల్' అనే భాగంలో ఒక యంత్రాన్ని దేవుడిగా కొలుస్తూ అమాయకంగా బతికే జనం ఉంటారు. కథానాయకుడు ఆ యంత్రాన్ని నిలిపేస్తాడు. చివర్లో మిత్రులు అతణ్ణి ఏదెను తోటలో పండు తినిపించిన వాడితో పోలుస్తారు. తాను చేసింది విముక్తా, లేక తోటలోంచి గెంటివేయడమా అని ప్రేక్షకుడు ఇంటికి పోయి ఆలోచించుకోవాలి.

'డాక్టర్ హూ'లో 1975లో వచ్చిన ఒక కథ పేరులోనూ ఈ ఆదికాండమే ఉంది. అక్కడ పుట్టేది లోకం కాదు, డాలెక్కులనే క్రూర జాతి. 1978లో వచ్చిన 'బాటిల్‌స్టార్ గెలాక్టికా'లో పన్నెండు వలస గ్రహాలు నాశనమైతే, మిగిలిన వాళ్లు నౌకల్లో పదమూడో తెగ చేరిన భూమిని వెతుక్కుంటూ పోతారు. పన్నెండు గోత్రాల ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి వాగ్దాన దేశానికి పోయిన నిర్గమకాండము దానికి వెనుక నిలబడి ఉంది. నాయకుడి పేరు అడామా. 1999 నాటి 'మేట్రిక్స్'లో మనుషుల ఆఖరి నగరం పేరు సీయోను. నౌక పేరు నెబుకద్నెజరు. దానియేలు గ్రంథంలో నెబుకద్నెజరు కలగని, ఆ కలే తనకు చెప్పమని పండితుల్ని వేధించిన రాజు. కల ఏదో, మెలకువ ఏదో తెలియని మనుషుల కథకు ఆ పేరు ఎంత చక్కగా అమరిందో చూడండి. ఆ లోకంలోనే 2003లో వేర్వేరు దర్శకులు తొమ్మిది చిన్న చిత్రాలు తీశారు. 2017లో వచ్చిన 'ఏలియన్' వరుస సినిమా పేరు 'కోవెనంట్'. తెలుగు బైబిలులో ఆ మాటకు 'నిబంధన' అని వాడారు. పాత నిబంధన, కొత్త నిబంధన అంటే అదే. మనకు నిబంధన అనగానే 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్సు గుర్తొస్తాయి, అది వేరే సంగతి! కానీ లోతుగా చూస్తే రెండూ ఒకటే. ఇచ్చిన మాట నిలుపుకుంటాననే ఒప్పందం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పోలిక వేరు, సూచిక వేరు. సూపర్‌మ్యాన్‌ను తీసుకోండి. నాశనమవుతున్న గ్రహం నుండి తల్లిదండ్రులు పసివాణ్ణి చిన్న నౌకలో పెట్టి పంపించేస్తారు. పరాయి వాళ్లు పెంచుతారు. నిర్గమకాండములో మోషేను తల్లి జమ్ము పెట్టెలో పెట్టి నదిలో విడిచిన కథ చాలామందికి గుర్తొస్తుంది. సూపర్‌మ్యాన్‌ను కల్పించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు కాబట్టి ఆ కథ వాళ్ల ఇళ్లలోనిదే. కానీ మన చెవికి ఏమి వినిపిస్తుంది? కుంతి పెట్టెలో పెట్టి నదిలో విడిచిన కర్ణుడు వినిపిస్తాడు. ఆ అమెరికా రచయితలు కర్ణుణ్ణి తలచుకున్నారని నేను అనను. అదేవిధంగా నోవహు ఓడ, సత్యవ్రతుడి నావ. బెత్లెహేములో పసిపిల్లల్ని చంపించిన హేరోదు, గోకులం మీదికి పూతనను పంపిన కంసుడు. ఒకరిది ఇంకొకరు ఎత్తుకున్నారని వాదించుకోవడం నాకు ఇష్టం లేదు. తల్లీబిడ్డల మీద రాజుకు కోపం రావడం, నీళ్లు పొంగడం, దిక్కులేని బిడ్డను ఎవరో ఎత్తుకోవడం – ఇవి ఏ దేశంలోనైనా జరిగేవే. పోలిక కనిపెట్టడానికి రెండు పుస్తకాలూ తెలిసిన మనిషి ఒకడు కావాలి, అంతే.

అటువంటి మనిషి ఒకాయన నా పక్క కుర్చీలోనే పద్నాలుగేళ్లు కూర్చున్నారు. మా హైస్కూలు ఇంగ్లీషు సారు. ఇక్కడ ఉన్న వాళ్లలో చాలామందికి ఆయన తెలుసు. పేరు చెప్పను. క్రైస్తవ కుటుంబం. ఆయనకు గజేంద్ర మోక్షం పద్యాలు నోటికి వచ్చు. నేను సెలవు పెట్టిన రోజుల్లో నా క్లాసు ఆయనే తీసుకునేవారు. తిరిగొచ్చాక పిల్లలు "ఇంగ్లీషు సార్ పద్యం మీకంటే మంచిగ పాడిండు సార్" అనేవాళ్లు. గుర్రం జాషువా 1958లో 'క్రీస్తు చరిత్ర' రాశారని, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని నేను పిల్లలకు కవిపరిచయంలో చెప్పేవాణ్ణి. ఆ పుస్తకం చదివింది మాత్రం ఆయన. నేను చదవలేదు. ఈ సంగతి ఈరోజు మొదటిసారి బయట పెడుతున్నాను.

ఒక సంవత్సరం స్టాఫ్ అంతా కలిసి మెదక్ వెళ్లాం. అక్కడి చర్చి 1914లో మొదలై 1924 క్రిస్మస్‌కు పూర్తయింది. కరువు రోజుల్లో ఆకలితో ఉన్న జనానికి పని కల్పిస్తూ పాస్నెట్ దొర కట్టించాడు. లోపల రంగు అద్దాల కిటికీల మీద క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం ఉన్నాయి. ఇంగ్లీషు సారు నన్ను లోపలికి రమ్మని పిలిచారు. నేను చెట్టు కింద పులిహోర పొట్లాలు పంచే పనిలో ఉండి "మీరు చూసి రండి సార్, మేం ఇక్కడుంటాం" అన్నాను. ఎవరూ నన్ను ఆపలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. అయినా ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

1991లో 'ఆదిత్య 369' వచ్చింది. కాలంలో ముందుకూ వెనక్కూ పోయే యంత్రం కథ. సింగీతం శ్రీనివాసరావు గారి సినిమా. స్టాఫ్ రూములో ఆ వారమంతా అదే ముచ్చట. అప్పుడు ఇంగ్లీషు సారు నా దగ్గరికి వచ్చి "సార్, కల్కి తెల్ల గుర్రం మీద వస్తాడంటారు గదా, అది భాగవతంలో ఎక్కడుంది? ప్రకటన గ్రంథంలో కూడా తెల్ల గుర్రం ఉంది. మీరు కొంచెం వివరంగా చెప్పాలి" అన్నారు. నేను "బెల్లు కొట్టారు సార్, తరువాత చూద్దాం" అన్నాను. నిజంగానే బెల్లు కొట్టారు. కానీ బెల్లు లేకపోయినా తప్పించుకునేవాణ్ణే. మన కల్కిని ఇంకొకరి పుస్తకం పక్కన పెడితే తక్కువ చేసినట్టవుతుందని నా లోపల ఒక భయం ఉండేది. ఆయనకు మాత్రం ఆ భయం లేదు. ఆ 'తరువాత' ఎన్నటికీ రాలేదు. నేను రిటైరయ్యాను, ఆయనా రిటైరయ్యారు. కొన్నేళ్ల క్రితం ఆయన కాలం చేశారు.

సినిమా చూసిన వారంలో నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. అక్కయ్యగారు చాయ్ ఇచ్చి, "ఏం సారూ, ఇన్నేళ్లకు తోవ దొరికిందా?" అన్నారు. సంగతి చెప్పి, బైబిలు ఒకసారి చూసుకుంటానని అడిగాను. ఆయన చదువుకున్న పుస్తకమే తెచ్చి చేతిలో పెట్టారు. అంచుల్లో పెన్సిలుతో చిన్న చిన్న అక్షరాలు. మోషే పెట్టె పక్కన 'కర్ణుడు' అని రాసుకున్నారు. నోవహు ఓడ కొలతలు మూడు వందలు, యాభై, ముప్పై మూరలు అని ఉన్నచోట 'మత్స్యావతారం, అష్టమ స్కంధం' అని ఉంది. హేరోదు దగ్గర 'కంసుడు'. ప్రకటన గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో తెల్ల గుర్రం మీద నీతిమంతుడైన రౌతు వచ్చేచోట ఇలా ఉంది: 'కల్కి? తెలుగు సారును అడగాలి.'

ఆ ప్రశ్నార్థకం చూసి నేను చాలాసేపు తల ఎత్తలేకపోయాను. అక్కయ్యగారు "ఆయన ఎప్పుడూ అనేవారు, తెలుగు సారు పని ఒత్తిడిలో ఉంటారని" అన్నారు. నన్ను కాపాడటానికే అన్నారు. నేను అనుకుంటూ వచ్చింది ఏమిటంటే, పండితుణ్ణి నేను, మా రెండిళ్లలో ఎక్కువ పుస్తకాలు నా ఇంట్లో ఉన్నాయని. నిజం తిరగబడి ఉంది. ఆయన చెవులకు రెండు గ్రంథాలు వినిపించేవి. నాకు ఒకటే. మన పల్లెల్లో భాగవతాల ఆటలు చూస్తూ, బడిలో పోతన పద్యాలు అప్పజెబుతూ, ఇంటికి పోయి బైబిలు చదువుకున్న ఆయన వంటి వాళ్లందరూ రెండు చెవులతో పెరిగారు. 1978లో 'కరుణామయుడు' ఆడితే జనం ఎగబడి చూశారు గదా అంటారు. చూశాం. కన్నీళ్లు పెట్టుకున్నాం. కానీ పుస్తకం తెరవలేదు.

ఇప్పుడు మనవడి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. మరియం అనే పేరు హీబ్రూలో మిర్యాము. యేసు తల్లి మరియ పేరూ అదే, ఖురానులో పంతొమ్మిదో సూరాకు ఉన్న పేరూ అదే. అంతకంటే ముందు ఆ పేరు మోషే అక్కది. తమ్ముణ్ణి పెట్టెలో పెట్టి నదిలో వదిలినప్పుడు దూరాన నిలబడి, వాడికి ఏమవుతుందో అని కాపలా కాసింది అక్క. ఆమె పేరు మిర్యామని తరువాతి అధ్యాయాల్లో వస్తుంది. 'కల్కి' సినిమాలో మరియం చేసేది ఏమిటి? కడుపులో బిడ్డతో పారిపోయి వచ్చిన తల్లికి చోటిచ్చి కాపలా కాస్తుంది. ఆ తల్లిని సుమతి అని పిలుస్తారు. కల్కి పురాణంలో కల్కి తల్లి పేరు సుమతి. ఒకే ఊళ్లో, ఒకే చూరు కింద, ఒక పురాణ సూచిక, ఒక బైబిలు సూచిక నిలబడి ఉన్నాయి. పుట్టబోయే బిడ్డ కోసం కాచుకున్న ఘోరమైన శక్తి నుండి, బిడ్డను కన్న తల్లి ఎడారిలోకి పారిపోయే దృశ్యం ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయంలో ఉంది. దాన్ని మాత్రం నేను పోలిక అనే అంటాను. సూచిక అని ముద్ర వేయను. మరియం అనే పేరు విషయంలో కూడా దర్శకుడు నాగ్ అశ్విన్ మనసులో ఏముందో చెప్పడం నా పని కాదు. ఒక చదువరిగా ఆ పేరు ఏ తలుపులు తెరుస్తుందో చెబుతున్నాను.

ఆ సినిమా కూడా ఉమ్మడి లోకమే. సినిమాకు ముందే 2024 మే 31న 'బుజ్జి అండ్ భైరవ' అనే బొమ్మల కథ వచ్చింది. తయారీలో సింగీతం గారు సలహాదారుగా ఉన్నారు. 1991లో ఇంగ్లీషు సారును కదిలించిన సినిమా తీసిన చేయే ముప్పయ్యేళ్ల తరువాత ఈ సినిమాకు దారి చూపింది. 2021 జులైలో షూటింగు మొదలైంది ఎక్కడనుకుంటున్నారు? మన నియోజకవర్గంలోని రామోజీ ఫిల్మ్ సిటీలోనే. 2898 నాటి కాశీలో గంగ ఎండిపోయి ఉంటుంది. నీళ్లూ పచ్చదనమూ పైన తేలే కాంప్లెక్సులో ఉన్నవాళ్లకే. మన పెద్దచెరువు అడుగున నెర్రెలు చూసిన వాళ్లకు ఆ దృశ్యం వింతగా అనిపించదు.

చివరగా ఒక సంగతి. మనం సైన్స్ ఫిక్షన్ దాకా పోనక్కర లేదు. బస్టాండులో బోర్డు చూడండి. 'ఇబ్రహీంపట్నం'. ఇబ్రహీం అంటే బైబిలులోని అబ్రాహామే. ఆదికాండములో తన ఊరు విడిచి తెలియని దేశానికి బయలుదేరిన పెద్దాయన. ఆ పేరు మనకు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా ద్వారా వచ్చింది. 1550 నుండి 1580 వరకు పాలించాడు. తెలుగు కవులు ఆయన్ను 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలిచారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము' అనే కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తపతీ సంవరణుల కథ మహాభారతం ఆదిపర్వంలోది. అంటే దాదాపు నాలుగున్నర వందల ఏళ్ల క్రితమే ఒక తెలుగు పుస్తకంలో భారత కథ, అబ్రాహాము పేరు పక్కపక్కన కూర్చున్నాయి. ఆ కవికి భయం వేయలేదు. తక్కువైపోతానని అనుకోలేదు. అబ్రాహాము పేరులోనే ఒక రాముణ్ణి వినేంత మంచి చెవులు ఆనాటి వాళ్లవి. శంబలలో మరియం ఉండటం చూసి నేను ఆశ్చర్యపోయాను కానీ, పుట్టి పెరిగింది అబ్రాహాము పట్నంలో అని ఎన్నడూ తలచుకోలేదు.

పాత ఫైలు పోతే ఏమవుతుందో ఉద్యోగం చేసిన మనకు చెప్పనక్కర లేదు. ఉత్తరం చేతిలో ఉంటుంది, సూచిక కనబడుతుంది, కానీ పని ముందుకు కదలదు. మన మనవళ్లు, మనవరాళ్లు ఈ కొత్త కథలు పగలూ రాత్రీ చూస్తున్నారు. వాళ్లకు కథ తెలుసు, సూచికలు తెలియవు. మనలో కొందరి దగ్గర ఒక ఫైలుంది, మరికొందరి దగ్గర ఇంకొకటి ఉంది. ఒకరి ఫైలు ఒకరం అడగడం మానేశాం. అడగడానికి బెల్లు అడ్డం వచ్చిందని చెప్పుకుంటున్నాం. రిటైరైన మనకు ఇప్పుడు ఏ బెల్లూ లేదు.

అందుకని సభాముఖంగా ఒక చిన్న కోరిక. మన సంఘం గదిలో ఒక బీరువా ఉంది. అందులో భారత భాగవతాలున్నాయి. వాటి పక్కన ఒక తెలుగు బైబిలు, ఒక తెలుగు ఖురాను, జాషువా గారి క్రీస్తు చరిత్ర ఉంచుదాం. నెలకొకసారి రెండో శనివారం సాయంత్రం ఒక కథ తీసుకుని, అది తెలిసిన వారు చెబితే మిగిలిన వాళ్లం విందాం. పిల్లలనూ పిలుద్దాం. చర్చ వద్దు, వాదం వద్దు. అడగడం, చెప్పడం చాలు. ఖర్చు నా పింఛనులోంచి పెట్టుకుంటాను. కోశాధికారిగారు కంగారు పడనవసరం లేదు.

నేను భాగవతం పన్నెండో స్కంధంలో కల్కి కథ ఉన్నచోటును ఒక కాగితం మీద రాసి, శంబల, విష్ణుయశుడు, దేవదత్తమనే గుర్రం అన్నీ వివరంగా పెట్టి, పోయిన నెల అక్కయ్యగారికి ఇచ్చి వచ్చాను. ఆవిడ దాన్ని మడిచి ఆ పంతొమ్మిదో అధ్యాయం దగ్గరే పెట్టారు. ముప్పై ఏళ్లు దాటి ఆలస్యంగా ఇచ్చిన జవాబు అది. మీలో ఎవరికైనా అటువంటి బాకీ ఉంటే, అవతలి మనిషి ఉండగానే తీర్చుకోండని ప్రార్థిస్తున్నాను.